చల్లారాక తీసిన కొలత

కోపం వచ్చినప్పుడే మాట్లాడాలా, చల్లారాక మాట్లాడాలా అని పరిశోధక విద్యార్థిని రవళి తన గురువు వకుళ గారిని అడిగింది. అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. నాలుగు గంటలకు ఎంపిక సంఘం కూర్చుంటుంది. అంతరిక్షంలోకి పంపే ఎక్స్‌రే దూరదర్శినిలో సెన్సర్ పని ఎవరికి అప్పగించాలో అక్కడ తేలిపోతుంది. ఆ సెన్సర్ రవళి నాలుగేళ్ల కష్టం. సంఘం ముందుకు వెళ్లే నివేదిక మీద ఆమె పేరు లేదు. విభాగాధిపతి మార్తాండం గారి మేనల్లుడి పేరు ఉంది.

వకుళ గారు జవాబు చెప్పేలోగా మార్తాండం గారే తలుపు తోసుకుని వచ్చారు.

"ఏమ్మా, ఇంకా కుతకుతలాడుతూనే ఉన్నావా? రెండ్రోజులు ఇంటికెళ్లి చల్లబడి రా. తీరిగ్గా మాట్లాడుకుందాం."

"రెండ్రోజులైనంక మాట్లాడనీకి ఏం మిగుల్తది సార్?"

"చూశారా వకుళ గారూ, మీ పిల్ల నోరు!" అని నవ్వి ఆయన వెళ్లిపోయారు.

 వకుళ గారు రవళిని యంత్రం ముందు కూర్చోబెట్టారు. లోపల సెన్సర్ సున్నాకు దాదాపు రెండువందల డెబ్బై మూడు డిగ్రీల కింద, మాటల్లో చెప్పలేనంత చలిలో ఉంది. ఒక్క ఎక్స్‌రే కణం తగిలితే చాలు, అది పిసరంత వేడెక్కుతుంది. ఆ వేడికి అందులో పారే విద్యుత్తు కొద్దిగా మారి తెర మీద గీత లేస్తుంది. గీత ఎంత ఎత్తు లేస్తే కణం అంత బలమైనది. రెప్ప వేసేలోగా సెన్సర్ మళ్లీ చల్లబడిపోతుంది.

"కొలత తీసే క్షణం కాస్త ఆలస్యం చెయ్యి. అది పూర్తిగా చల్లారనీ, అప్పుడు తియ్యి," అన్నారు వకుళ గారు.

రవళి అలాగే చేసింది. వరసగా వంద కణాలు తగిలాయి. తెర మీద గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా సాగింది.

"ఎంత బలం?"

"ఏం లేదు మేడమ్. అసలేమీ తగల్లేదన్నట్టే ఉంది."

ఆ మాట అన్నాక రవళి తెర మీంచి చూపు తిప్పి వకుళ గారి వంక చూసింది.

"అయితే నాలుగు గంటలకు పోయి అందరి ముందర అరవమంటారా?"

"అరుపులో అంకె వినపడదు," అన్నారు వకుళ గారు, తెల్ల కాగితం ఆమె ముందుకు జరుపుతూ. "ఎంత తగిలిందో అంతే సంఘానికి రాయి. ఇప్పుడే రాయి."