తొమ్మిదో ముక్క మీద పచ్చాకు

వాగు ఒడ్డున మట్టికట్ట ఒకటుంది. దాన్ని ఏ రాజూ కట్టించలేదు. పల్లంలో బొరియలు తవ్వుకుని కాపురముండే జంతువులు ఏటా రోహిణి ఎండల్లో తలా కాస్త మట్టి వేసి నిలబెట్టుకుంటూ వచ్చాయి. కట్ట ఉన్నంతకాలం కాపురాలుంటాయి. అది తెగిందా, గంటలో వాగంతా వాకిళ్ళలోకి వస్తుంది.

ఆ కట్ట మంచిచెడ్డలు చూసేది మైలన్న అనే ముసలి ఎద్దు. వయసులో ఉండగా మైలన్న ఒక రైతు దగ్గర మోట లాగాడు. మోటంటే ఏమిటో ఈ కాలం వాళ్ళకు చెప్పాలి. బావిలోంచి తోలుసంచితో నీళ్ళు తోడడానికి ఎద్దులు వాలులో కిందికి నడిచి తాడు లాగేవి. సంచి మళ్ళీ బావిలోకి దిగాలంటే అదే వాలు మీద వెనక్కి నడుస్తూ పైకి రావాలి. పద్నాలుగేళ్ళు అలా నడిచిన మైలన్నకు వెనక నడకే సొంత నడక అయిపోయింది. రైతు కరెంటు మోటారు పెట్టించాక మైలన్న అడవి దారి పట్టాడు. వస్తూ వస్తూ ఆ నడకను కూడా వెంట తెచ్చుకున్నాడు. ఏటా కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకి వెనక్కి నడిచేవాడు. వెనక గిట్ట దిగబడితే ఆగేవాడు.

"ఇక్కడ కింద నీళ్ళు తిరుగుతున్నాయర్రా. పోయండి మట్టి," అనేవాడు. పోసేవాళ్ళు. ఆ పనికి అంతకుమించి పేరూ లేదు, మీటింగూ లేదు.

అలాంటి చోటికి ఆ ఏడు పట్నం నుంచి జంబులింగం అనే నక్క దిగాడు.

జంబులింగం మూడేళ్ళపాటు పట్నంలో ఒక శిక్షణ సంస్థ క్యాంటీను వెనక తూములో కాపురమున్నాడు. కిటికీలోంచి విసిరేసిన ఎంగిలి తిన్నాడు, అదే కిటికీలోంచి వచ్చిన పాఠాలు విన్నాడు. ఎంగిలి ఏ రోజుకారోజు అరిగిపోయింది. పాఠాలు మాత్రం అరగకుండా లోపలే ఉండిపోయాయి. వాటిని ఎక్కడో ఒకచోట కక్కాలి కదా, నేరుగా అడవి పెద్ద భల్లయ్య దగ్గరికి వెళ్ళాడు. భల్లయ్య ఎలుగుబంటి. తేనె సంగతి తప్ప మరే విషయంలోనూ ఆయనకు గట్టి అభిప్రాయం లేదు.

"దొరా, మీ కట్టపని చూశాను. పని జరుగుతోంది గానీ ప్రాజెక్టు లేదు."

"ప్రాజెక్టంటే?"

"పనే దొరా. కాకపోతే చేయకముందూ, చేసేటప్పుడూ, చేశాకా దాన్ని గురించి మాట్లాడుకుంటాం."

"బాగుందే! మరి మాకెలా వస్తుంది?"

"పది రోజుల శిక్షణ. అందరినీ లీడర్లను చేసి పెడతాను. రోజూ నాలుగు వాగు పీతలు పంపించండి చాలు."

పక్కనే పడుకుని నెమరేస్తున్న మైలన్న తలెత్తాడు. "అందరూ లీడర్లయితే మట్టి ఎవరు మోస్తారు నాయనా?"

"చూశారా దొరా," అన్నాడు జంబులింగం జాలిగా, "మా పట్నంలో దీన్నే నెగెటివ్ ఆలోచన అంటాం. పైగా ఈయన వెనక్కి నడుస్తాట్ట. లీడరన్నవాడు ముందుకు చూడొద్దూ?"

భల్లయ్య నవ్వాడు. పెద్దాయన నవ్వాడు గనక అందరూ నవ్వారు.

శిక్షణ మొదలైంది. జంబులింగం కట్టను పన్నెండు ముక్కలుగా విడగొట్టి, ఒక బండ మీద పన్నెండు గళ్ళు గీయించాడు. పని పూర్తయిన గడిలో పచ్చాకు, సాగుతుంటే పండుటాకు, ఆగిపోతే ఎండుటాకు పెట్టాలి. ఆకులు పెట్టే బాధ్యత కొమ్మన్న అనే కోతికి అప్పగించాడు. మొదటి రోజు కొమ్మన్న కట్ట దాకా వెళ్ళి చూసొచ్చి నిజాయితీగా ఎండుటాకులే పెట్టాడు.

"ఏంటయ్యా ఇది? దొరగారు చూస్తే టీం ఉత్సాహం ఏమైపోవాలి?" అని జంబులింగం మందలించాడు.

రెండో రోజుకు పండుటాకులు వచ్చాయి, మూడో రోజుకు పన్నెండు గళ్ళూ పచ్చబడ్డాయి. అయితే కోసిన ఆకు ఎండలో రెండు పూటలకే వాడిపోతుంది. అందుకని కొమ్మన్న పొద్దున్నే లేచి కొత్త పచ్చాకులు కోసుకొచ్చి మార్చేవాడు. ఆ పది రోజుల్లో అడవిలో ఒక్క రోజు కూడా ఆలస్యం కాకుండా జరిగిన పని అదొక్కటే.

ఇక్కడ ఏదుపంది సూదమ్మ సంగతి చెప్పుకోవాలి. ఆవిడ బొరియ సరిగ్గా తొమ్మిదో ముక్క కింద ఉంది. నాలుగేళ్ళు తవ్వుకున్న ఇల్లు, రెండు వాకిళ్ళు. లోపల ఈమధ్యే పుట్టిన కవల పిల్లలు. ఏదుపంది పిల్లలకు పుట్టగానే ముళ్ళు గట్టిపడవు, గడ్డిపోచల్లా మెత్తగా ఉంటాయి. తల్లి ముళ్ళు ఎంత పొడుగున్నా వాగునేం చేయగలవు?

"బాబాయ్, లోపల గోడ చెమ్మగా ఉంది," అంది సూదమ్మ ఒకరోజు.

మైలన్న వెళ్ళి తొమ్మిదో ముక్క మీద వెనక్కి నడిచాడు. గిట్ట చీలమండ దాకా దిగబడిపోయింది. వెంటనే వచ్చి క్లాసులో చెప్పాడు.

"మీరు పరీక్ష రాశారా పెద్దాయనా?" అన్నాడు జంబులింగం.

"ఏం పరీక్ష?"

"ఇదిగో, చెప్పండి. కట్ట తెగబోతోంది. లీడరుగా మీరు ముందు ఏం చేస్తారు?"

"మట్టి పోస్తాను."

క్లాసంతా గొల్లుమంది. కొమ్మన్న చెయ్యెత్తి సరైన జవాబు అప్పజెప్పాడు. "టీంని సమావేశపరిచి, రిస్కును నమోదు చేసి, ప్రాధాన్యం నిర్ణయిస్తాం సార్!"

"శభాష్! పెద్దాయనకు సున్నా. దొరా, సర్టిఫికెట్ లేనివాళ్ళు ఇకమీదట కట్టెక్కకూడదని ఒక మాట చెప్పండి. అనుభవం ముసుగులో తొక్కి పాడుచేస్తారు."

భల్లయ్య ఆ మాట చెప్పేశాడు. మోట లాగిన కాలంలో మైలన్న ఒకటి నేర్చుకున్నాడు. సంచి నిండాలంటే ముందు వెనక్కి నడవాలి. ఆ సాయంత్రం సూదమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మాయ్, పిల్లల్ని తీసుకుని కొన్నాళ్ళు మిట్టమీద బండసందులో తలదాచుకో."

"నా ఇల్లేం కావాలి బాబాయ్? పల్లంలో మిగతా వాళ్ళ గతేమిటి?"

"నీ ఇంట్లో మంచి కాపరిని దింపుతాను. కట్ట సంగతి ఆయనే చూసుకుంటాడు."

పదో రోజు పొద్దున సర్టిఫికెట్ల సభ జరిగింది. మోదుగాకు మీద భల్లయ్య పంజా ముద్ర వేసి తలా ఒకటి ఇచ్చారు. జంబులింగం ఉపన్యాసం ముగించగానే మైలన్న లేచాడు.

"గురువుగారూ, చిన్న సందేహం. తొమ్మిదో ముక్క పూర్తయినట్టేనా?"

"పచ్చాకు కనబడ్డంలేదూ?"

"కనబడుతోంది. అందుకే మా సూదమ్మ ఒక మాట అనుకుంది. ఇంత చదువు చెప్పిన గురువుగారు ముళ్ళపొదలో పడుకోవడమేమిటని. పచ్చాకు కింద, రెండు వాకిళ్ళ ఇల్లు మీకు గురుదక్షిణగా ఇస్తానంటోంది."

"అవునండీ," అంది సూదమ్మ. "అంత భద్రమైన చోట మాలాంటివాళ్ళం ఉండటమేం బాగుంటుంది?"

భల్లయ్య చప్పట్లు కొట్టాడు. సభంతా కొట్టింది. తూములో ముడుచుకుని పడుకున్న నక్కకు రెండు వాకిళ్ళ ఇల్లంటే మాటలా? పైగా పన్నెండు పచ్చాకులనూ రోజూ చూసి చూసి, అవి ఎవరు పెట్టించారో జంబులింగమే మర్చిపోయాడు. ముసలి ఎద్దు ఇన్నాళ్ళకు దారికొచ్చిందనుకుంటూ ఆ మధ్యాహ్నమే గృహప్రవేశం చేసి, పీతలు తిని నడుం వాల్చాడు.

మూడో జాముకు పడమట మబ్బు లేచింది. కొండమీద కురిసిన వాన వాగులోకి దూకింది. తోకకు చల్లగా తగిలితే జంబులింగం కళ్ళు తెరిచాడు. గోడలోంచి నీళ్ళు ఊటలా వస్తున్నాయి. ఒక్క ఉదుటున బయటికి దూకి అరిచాడు.

"కట్ట పోతోంది! రండి, మట్టి తెండి!"

లీడర్లందరూ మిట్టమీద నిలబడి చూస్తున్నారు.

"కంగారు పడకండి సార్," అన్నాడు కొమ్మన్న. "రిస్కు నమోదు చేశాం."

"నమోదు కాదురా, మట్టి!"

"సమావేశం పిలిచాం సార్. ఎవరు అధ్యక్షత వహించాలన్న దగ్గర ఆగింది."

"ఇంకోమాట సార్, అరవడం లీడరు లక్షణం కాదని మీరే సెలవిచ్చారు," అంది ముంగిస.

జంబులింగం పరుగెత్తుకెళ్ళి మైలన్న కాళ్ళ దగ్గర పడ్డాడు. "పెద్దయ్యా, కట్టెక్కు!"

"నాకు సర్టిఫికెట్ లేదు కదా నాయనా."

"ఇప్పుడే ఇస్తాను. మొదటి ర్యాంకు!"

"ఆకు నాకెందుకు, తింటే ఒక్క నమలుడుకు రాదు. నువ్వో పని చెయ్యి. ముందుగా కొమ్మన్న బండ దగ్గరికి వెళ్ళి ఆ పచ్చాకు తీసెయ్యి. తర్వాత మట్టి మొయ్యి."

"నేనా? నేను ట్రైనర్ని!"

"నువ్వు మోస్తే వాళ్ళూ మోస్తారు. ఇల్లు నీది, ఇష్టం నీది."

జంబులింగం ఒకసారి వాగు వైపు, ఒకసారి రెండు వాకిళ్ళ వైపు చూశాడు. వెళ్ళి ఆకు పీకి, నోటినిండా మట్టి కరుచుకుని కట్ట మీదికి పరుగెత్తాడు. గురువుగారు మోస్తున్నారంటే ఇదీ పాఠమే కాబోలనుకుని లీడర్లంతా సర్టిఫికెట్లు పక్కన పెట్టి దిగారు. భల్లయ్య అయితే మోదుగాకుల కట్టలు తెచ్చి మట్టితో కలిపి చీలికలో కూరాడు. అవి అక్కరకొచ్చింది అప్పుడే. మైలన్న వానలో వెనక్కి వెనక్కి నడుస్తూ, గిట్ట దిగిన చోటల్లా ఆగి, "ఇక్కడ" అంటున్నాడు.

చీకటి పడకముందే నీరు కట్టుబడింది. సూదమ్మ ఇల్లు సూదమ్మకే దక్కింది. గురువుగారికి అంత భద్రమైన ఇంట్లో ఉండాలన్న కోరిక చచ్చిపోయింది.

ఆ పూట జంబులింగం ఎన్నిసార్లు మట్టి మోశాడో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ, ఒక విషయం అందరికీ గుర్తుంది. నోట్లో మట్టి ఉన్నందువల్ల ఆయన ఒక్క ఉపన్యాసమూ ఇవ్వలేదు, పని మహా చురుగ్గా సాగింది.

నీతి: కట్ట గట్టిదో కాదో చెప్పాల్సింది గడిలోని ఆకు కాదు, దాని కింద కాపురమున్నవాడు.