డోలు తాగిన టీ నీళ్ళు

అనగనగా ఒక ఊరు. నీకు తెలిసిన ఊళ్ళలాంటిది కాదు బంగారం, ఆ ఊరికి కాళ్ళుంటాయి. సహారా అని పెద్ద ఎడారి ఉంది కదా, అందులో టువారెగ్ అనే వాళ్ళుంటారు. మేకలకి గడ్డి ఎక్కడుంటే అక్కడ గుడారం వేస్తారు. గడ్డి అయిపోతే గుడారం మడిచి ఒంటె మీద పెట్టుకుని ఇంకో చోటికి పోతారు. గుడారం ఆడవాళ్ళ సొత్తు. మొహానికి ముసుగు మాత్రం మగవాళ్ళకి. నవ్వకు, ఊఁ కొట్టు.

ఆ ఊళ్ళో గైషా అని ఒక పిల్ల ఉండేది. నీ ఈడుదే. వాళ్ళ నాన్న అఖమదు ఉప్పు తేవడానికి ఒంటెలు తోలుకుని చాలా దూరం వెళ్ళాడు. వెళుతూ వెళుతూ, "వానలు పడ్డాక ఉప్పునేలల దగ్గర పండగ కదా, అందరం కలిసే పోదాం. నేనొచ్చేదాకా ఈ తుమ్మచెట్ల ఎండువాగులోనే ఉండండి" అన్నాడు.

ఆ పండగ చూడాలంటే రెండు కళ్ళూ చాలవు. ఆడవాళ్ళు డోలు కొట్టి పాడుతుంటే, అలంకరించిన ఒంటెలు వాళ్ళ చుట్టూ దర్జాగా తిరుగుతాయి.

అప్పుడేమో వాన ఎక్కడెక్కడో పడింది గానీ ఆ వాగులో పడలేదు. గడ్డి అయిపోయింది. మిగతా గుడారాల వాళ్ళు పండక్కి వెళ్ళిపోయారు. గైషా, అమ్మ, నానమ్మ మాత్రం నాన్న కోసం ఆగారు. వాళ్ళు ఆగారు గానీ మేకల ఆకలి ఆగుతుందా? దిబ్బలు దాటి, కాస్త పచ్చిక ఉన్నచోట గుడారం వేసుకున్నారు. "జాడ చూసుకుంటూ వాడే వచ్చేస్తాడులే" అంది నానమ్మ. మనం పుస్తకం చదివినట్టు వాళ్ళు ఇసకలో అడుగులు చదువుతారు మరి.

ఆ తర్వాత గాలి లేచింది. అడుగుల జాడలన్నీ తుడిచి పారేసింది. గాలి తగ్గినా దుమ్ము దిగలేదు. కన్ను పొడుచుకున్నా ఏమీ కానరాదు. నాన్న వాగుకొస్తే ఖాళీ చోటు కనపడుతుంది. అందరూ వెళ్ళిపోయారనుకుని ఆ దుమ్ములో ఎటో పోతాడు. ఇక్కడ చూస్తే తోలుతిత్తిలో నీళ్ళు అడుక్కొచ్చాయి. తెల్లారితే వీళ్ళూ బావి వైపు కదలక తప్పదు.

అప్పుడు గైషా, "నానమ్మా, మనం నాన్నకి కనపడకపోతే ఏం, వినపడతాం కదా. డోలు కడదాం" అంది.

వాళ్ళ డోలు ఏమిటో తెలుసా? సజ్జలు దంచుకునే చెక్కరోలే. దాని మూతి మీద తడి మేకతోలు కప్పి, అటొక రోకలి ఇటొక రోకలి కట్టి, తోలు బిగిసేలా వాటి మీద మనుషులు కూర్చుంటారు. మద్దెల వెళ్ళి రోలుతో మొరపెట్టుకుందని మనవాళ్ళంటారే, వీళ్ళకి రోలే మద్దెల.

అమ్మ ఒక రోకలి మీద, నానమ్మ ఒక రోకలి మీద కూర్చున్నారు. గైషా కూర్చుంటే పిట్ట వాలినట్టే, తోలు బిగియదు. అందుకని కొట్టడం దాని వంతుకొచ్చింది. అంతకు ముందెప్పుడూ దాన్ని డోలు ముట్టుకోనివ్వలేదు పాపం. అయినా రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరిస్తే ఎలా? కొట్టింది.

కాసేపటికి తోలు ఎండిపోయి టకటకమంది. తోలు తడిగా ఉంటేనే మోత దూరం పోతుంది. నీళ్ళు చల్లాలి. ఉన్న నీళ్ళేమో నాన్న టీ కోసం నానమ్మ దాచినవి. వాళ్ళలో టీ అంటే మూడు గ్లాసులు. మొదటిది చేదు, రెండోది కాస్త నయం, మూడోది తియ్యన. ప్రయాణం చేసి వచ్చినవాడికి ఆ మూడూ ఇవ్వకపోతే, ఇంటికొచ్చినవాణ్ణి పస్తు పడుకోబెట్టినంత తప్పు.

గైషా ఎవరినీ అడగలేదు. తిత్తి వంచి ఒక గ్లాసు నీళ్ళు తోలు మీద పోసేసింది. నానమ్మకి కోపం వచ్చింది గానీ ఏం లాభం? రోకలి మీంచి లేస్తే తోలు ఊడుతుందాయె. కూర్చునే తిట్టింది. డోలు మోగింది. నాన్న రాలేదు.

తోలు మళ్ళీ ఎండింది. రెండో గ్లాసు పోసింది. నానమ్మ ఈసారి తిట్టలేదు. అమ్మ మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. డోలు మోగింది. నాన్న రాలేదు.

మూడోసారి ఎండేసరికి గైషా అరచేతులు వాచిపోయాయి. తిత్తిలో ఒక్క గ్లాసే ఉంది. దాని చెయ్యి ఆగింది. అప్పుడు నానమ్మే అంది, "పొయ్యవే తల్లీ. నా కొడుకే రాకపోతే టీ ఎవరికి?"

పోసింది. కొట్టింది. చేతులు మండుతుంటే ఏడుస్తూ కొట్టింది.

అప్పుడు దుమ్ములోంచి ఒంటె గుర్రుమన్న చప్పుడు వచ్చింది. వెనకే ముసుగులోంచి రెండు కళ్ళు. నానమ్మ రోకలి మీంచి ఒక్క ఉదుటున లేచి కొడుకుని పట్టుకుంది. అందరికీ ప్రాణం లేచొచ్చింది. గైషా మాత్రం గుడారంలోకి పోయి దాక్కుంది. టీకి నీళ్ళు లేకుండా చేసింది తనే కదా.

నానమ్మ గిన్నెలో మేకపాలు తెచ్చి, తలొంచుకుని, "టీకి నీళ్ళు లేవు నాయనా" అని జరిగిందంతా చెప్పింది.

నాన్న ముసుగు కిందనుంచే పాలు తాగి, "గైషా, ఇలా రా అమ్మా" అని పిలిచాడు. "మూడు గ్లాసులూ నేను దారిలోనే తాగేశాను" అన్నాడు. "వాగులో మీరు లేరు. తిరిగి పోతున్నాను. అప్పుడు డోలు వినపడింది, అంతలోనే ఆగిపోయింది. దాహానికి మతి పోయిందనుకున్నాను, ఆ గ్లాసు చేదుగా ఉంది. రెండోసారి ఒంటె అటు తల తిప్పింది, కాస్త ధైర్యం వచ్చింది. మూడోసారి విన్నానా, తాళం తప్పుతోంది. పెద్దవాళ్ళెవరూ అలా కొట్టరు. నా చిట్టితల్లే కొడుతోందనుకున్నాను. అంత తియ్యనిది నేనెప్పుడూ తాగలేదు."

గైషా పరిగెత్తుకొచ్చి ఆయన్ని వాటేసుకుంది.

ఆ తర్వాత వాళ్ళు బావికెళ్ళి కడుపునిండా నీళ్ళు తాగి పండక్కి చేరారు. అక్కడ అంత మోతలోనూ గైషా ఏమీ చూడలేదు. నాన్న ఒళ్ళో ఆదమరిచి నిద్రపోయింది. నాన్న కూడా కదలకుండా అలాగే కూర్చున్నాడు.

ఒంటె దిగింది దిబ్బ,
డోలు మానింది దెబ్బ,
కథ నడిచె కంచికి,
మనం నిద్దరింటికి.