ఉప్పుపూల అడవిలో పెద్ద చేప

ఇదిగో, ముందే చెబుతున్నాను. ఈ కథ అబద్ధమనే ధైర్యం ఎవరికైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. ఎత్తరా? మంచిది. భూమి నెత్తి మీదున్న మంచుదేశానికి లుంగీ కట్టుకుని వెళ్ళొచ్చినవాణ్ణి నేను. ఓడలో వంటవాణ్ణి. అడ్డొచ్చిన మంచుకొండను గరిటెతో పక్కకు నెట్టాను. నేను తుమ్మితే తిమింగలాలు దడుచుకుని బంగాళాఖాతం దాకా పారిపోయాయి. కాబట్టి కదలకుండా వినండి.

అనగనగా ఒక అడవిలో... అడవంటే చెట్లుంటాయనుకున్నారా? ఒక్క చెట్టూ లేదు. గడ్డకట్టిన సముద్రం మీద ఉప్పుపూలు పూసే అడవి అది. చలికి సముద్రం విడిచిన ఊపిరి మంచు మీద పేరుకుని, మల్లెల్లా తెల్లగా విచ్చుకుంటుంది. నాలుక తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. చలికాలమంతా అక్కడ ఒకటే రాత్రి. ఆకాశంలో పచ్చటి వెలుగు ఆరేసిన చీరలా మెల్లగా ఊగుతూ ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో ఎవరు మాట్లాడినా గుసగుసలాడినట్టే ఉంటుంది.

ఆ మంచు కింద సీళ్ళు ఉండేవి. ఒళ్ళు పీపాలా, ముఖం కుక్కపిల్లలా ఉండే జంతువులు. నీళ్ళలో ఈదుతూ, ఊపిరి కోసం మంచులో చేసుకున్న కన్నం దగ్గరికి వచ్చి ముక్కు పైకెత్తేవి. చీకట్లో ఆ కన్నం ఎక్కడుందో మీసాలే చెప్పేవి. నీరు ఏ కాస్త కదిలినా వాటి మీసానికి తెలిసిపోతుంది. ఆ గుంపుకు పెద్ద మీసాలవ్వ. నా మీసం తర్వాత లోకంలో చెప్పుకోదగ్గది ఆమె మీసమే! ఆమెకు ఒక్కగానొక్క మనవడు, నురగ.

సీళ్ళకు ఒక ఆచారం ఉంది. పొడవాటి రాత్రి ముగిసి తొలి ఎండ పొడిచిన రోజు పండుగ. ఆ రోజు దొరికిన చేపల్లో అన్నిటికంటే పెద్దదాన్ని, ముసలిదాన్ని, గుంపులో అందరికంటే చిన్న పిల్లకు పెట్టాలి. చేప వయసంతా పిల్లకు వస్తుందని నమ్మకం.

ఆ ఏడు తొలి ఎండకు మంచంతా లేత గులాబీ రంగు తేలింది. అవ్వ పెద్ద చేపను తెచ్చింది. అప్పుడే ఒక తెల్ల పక్షి వచ్చి వాలింది. ఏటా భూమి ఈ కొస నుంచి ఆ కొసకు ఎగిరే దాన్ని అందరూ దిమ్మరి పిట్ట అనేవారు. ఆ ఏడు తొందరపడి ముందే వచ్చింది.

"అవ్వా, ఆ చేప నురగకు పెట్టకు," అంది రొప్పుతూ.

"ఏమే దిమ్మరీ, వస్తూనే మొదలెట్టావా? కూర్చో, నీకూ తోక ముక్క ఇస్తాలే," అంది అవ్వ.

"ముక్క కోసం కాదవ్వా. నేను వచ్చిన దారిలో పెద్ద పెద్ద పొగగొట్టాలున్నాయి. అక్కడ బొగ్గు కాలుస్తారు. ఇంకోచోట బంగారం తీయడానికి పాదరసం వాడి, దాన్ని కాలుస్తారు. పాదరసం ఆవిరై గాలెక్కుతుంది."

పాదరసం తెలుసుగా పిల్లలూ? జ్వరం చూసే పాత గాజుగొట్టంలో వెండిచుక్కలా జారేది. అదే.

"దానికి రెక్కల్లేవు. అయినా నాకంటే దూరం ఎగురుతుంది. తొలి ఎండ తగలగానే మీ ఉప్పుగాలి దాన్ని పట్టి మంచు మీదికి దించేస్తుంది. మంచు కరిగితే నీళ్ళలోకి, అక్కణ్ణుంచి నాచులోకి, నాచు తిన్న పురుగులోకి, పురుగు తిన్న చిన్న చేపలోకి పోతుంది. ఆ చిన్న చేపల్ని బతుకంతా మింగిన పెద్ద చేప ఒంట్లో అదంతా పోగుపడుతుందవ్వా! దాన్ని తిన్నవాళ్ళ ఒళ్ళు మొద్దుబారిపోతుంది!"

అవ్వ పొట్ట ఊగేలా నవ్వింది. "విన్నారర్రా! ఎక్కడో ఎవరో పొయ్యి వెలిగిస్తే ఇక్కడ నా చేప చెడిందట! ఈ గాలి చూడు. ఇంతకంటే శుభ్రమైన గాలి ఎక్కడుందే?"

నిజమే. గాలి కడిగిన అద్దంలా ఉంది. అందులో ఏమీ కనబడలేదు. నురగ చేప తినేశాడు.

రెండో ఏడు వచ్చింది. గుంపులో కొత్త పిల్ల పుట్టలేదు. అందరికంటే చిన్నవాడు మళ్ళీ నురగే.

"అవ్వా, నా మీసాలకు నీళ్ళ కదలిక సరిగ్గా తెలియడం లేదే," అన్నాడు వాడు.

"ఎదుగుతున్నావురా నాన్నా. బలం చాలడం లేదు," అని అవ్వ ఇంకా పెద్ద చేపను పట్టుకొచ్చింది. దిమ్మరి పిట్ట ఈసారీ ముందే వచ్చి మొత్తుకుంది. అవ్వ ముఖం తిప్పుకుంది.

మూడో ఏడు తొలి ఎండ రోజున, అన్నిటికంటే పెద్ద చేప అవ్వ నోట్లో గిలగిలా కొట్టుకుంటోంది. కానీ నురగ ఏడీ?

అవ్వ కిందికి చూసింది. మంచు గాజులా ఉంది. ఆమె పొట్ట కిందే, నీళ్ళలో, నురగ తేలుతున్నాడు. ముక్కుతో మంచును పొడుస్తున్నాడు. కన్నం జానెడు దూరంలో ఉంది. వాడి మీసాలకు అది తెలియడం లేదు. నోట్లోంచి బుడగలు ముత్యాల్లా ఒక్కొక్కటే పైకొస్తున్నాయి. కలలో ఉన్నవాడిలా వాడి కళ్ళు మూతపడుతున్నాయి.

అవ్వ నోట్లో చేప జారి మంచు మీద పడింది. ఆమె కన్నం పక్కన తెడ్డులాంటి రెక్కతో మంచును కొట్టింది. టప్. నురగ కళ్ళు తెరిచాడు. మళ్ళీ టప్. ఇటు తిరిగాడు. ఇంకోసారి టప్. చిన్న ముక్కు కన్నంలోంచి పైకొచ్చి గాలి పీల్చింది.

గుంపులో ఒక ముసలి సీలు గొణిగింది. "అవ్వా, ఎండ వాలిపోతోంది. చేప పెట్టెయ్. ఆచారం తప్పితే ఎలా?"

అవ్వ మనవణ్ణి మంచు మీదికి లాగి గుండెకు ఆనించుకుంది. "వీడికి వయసు వస్తుందని పెట్టానురా. పెట్టిపెట్టి వీడి వయసే తీసేస్తున్నాను," అంది. ఇంకా కొట్టుకుంటున్న చేపను కన్నంలోకి నెట్టేసింది. "పో. ఇకమీదట పిల్లలకు దిమ్మరి ముక్కున పట్టేంత చిన్న చేపలే. అదే మన ఆచారం."

తర్వాత, ఆ ఏడూ ముందే వచ్చి వాలిన పిట్టను దగ్గరికి పిలిచింది. "ఆ పొగగొట్టాల వాళ్ళకు పిల్లలున్నారటే?"

"ఉన్నారవ్వా."

"కూరలో పెద్ద ముక్క ఎవరికి వేస్తారు?"

"పిల్లలకే."

అవ్వ నురగ తల నిమిరింది. తర్వాత అంది, "అయితే వాళ్ళకు అర్థమవుతుంది. వెళ్ళి చెప్పు."

పిట్ట ఎగిరొచ్చి తిన్నగా మా ఓడ వంటగది కిటికీలో వాలింది. ఎందుకంటారా? పక్షుల భాషలన్నీ వచ్చిన మనిషి ఆ సముద్రం మీద నేనొక్కణ్ణే!

నురగ మీసాలు మాత్రం పూర్తిగా బాగుపడలేదు. అందుకే అవ్వ ఇప్పటికీ కన్నం పక్కనే కూర్చుని మంచును కొడుతూ ఉంటుంది. టప్... టప్... వాడు కింద చీకట్లో, ఆ చప్పుడు పట్టుకుని ఇంటికొస్తాడు. ఓడ అడుగున చెవి ఆనించి నేనే విన్నాను.

నీతి: కంటికి కనబడనంత మాత్రాన విషం లేదనుకోకూడదు. ఇక్కడ మనం గాలిలో వదిలింది ఎక్కడో ఒక పిల్ల నోటికి చేరుతుంది.

ఇంకా నమ్మరా? అయితే ఆ రోజు నా పక్కనే ఉల్లిపాయలు తరుగుతూ ఆ చప్పుడు విని, కత్తి కింద పెట్టేసినవాణ్ణి అడగండి. వాడి పేరు వాసుపల్లి పోలయ్య, ఊరు భీమిలి.