కుక్క మెడ వాల్చిన కథ

ఒకప్పుడు కుక్క మెడ గుంజలాగా నిటారుగా ఉండేది. అది ఎవరి మాటా చివరిదాకా వినేది కాదు. మీరు "అన్నం" అనేలోపే "భౌ" అనేది. "పెడతాను" అన్న మాట దాని చెవిన పడేదే కాదు. అలా ఎన్ని పూటలు పస్తులుందో పాపం.

ఆ రోజుల్లో తాటితోపు పక్కన ఒక బడి ఉండేది. అక్కడ పద్ధతి ఏమిటంటే, ఒకరు లేచి తాటాకు పుస్తకం పైకి చదవాలి, మిగతా పిల్లలు విన్నది విన్నట్టే గట్టిగా అనాలి. ఒక్క అక్షరం తగ్గకూడదు, పెరగకూడదు. మంచి పద్ధతే, పైడి అనే పిల్ల వంతు వచ్చేదాకా.

పైడికి అక్షరాలన్నీ వచ్చు. నలుగురిలో లేచి నిలబడితే మాత్రం మొదటి అక్షరం నాలుకకి అతుక్కుపోయేది.

"గు... గు... గువ్వ," అంది ఆ రోజు.

"గు గు గువ్వ," అన్నారు పిల్లలందరూ, పద్ధతి ప్రకారం.

చూరు మీది గువ్వ తననే పిలిచారనుకుని లోపలికి తొంగిచూసింది. బడంతా ఒకటే నవ్వు. పైడి కూర్చుండిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికే అమ్మకి సంగతి తెలిసిపోయింది. "రేపు మళ్ళీ నీ వొంతేనంట. రేపు గాని నోరు ఇప్పకపోతే ఇంక బడీ లేదు, గిడీ లేదు. మేకల్ని తోలుకెల్దువు గాని," అంది.

పైడికి దుఃఖం ముంచుకొచ్చింది. బడంటే ఆ పిల్లకి ప్రాణం. కానీ ఏడుస్తూ కూర్చోలేదు. పుస్తకం చంకన పెట్టుకుని, వినేవాళ్ళని వెతకడానికి బయల్దేరింది.

చిలుక "చదువు, వింటా" అంది. పైడి నోరు తెరవగానే "గు గు గు" అని అదీ మొదలుపెట్టింది. మేక బుద్ధిగానే కూర్చుంది గానీ, రెండో ఆకు దగ్గర అంచు కొరికేసింది. "చదువు రుచిగానే ఉంది," అంది నములుతూ.

దారిలో కుక్క ఎదురైంది. "నాకు చదువు," అంది.

"నీకా? నువ్వు ఒక మాట పూర్తిగా విన్నదెప్పుడు?"

"కుక్కకి నోరు మూసుకోవడం రాదని ఊరంతా అంటుంది. పైడికి నోరు తెరవడం రాదనీ అంటుంది. రెండూ తప్పని తేల్చేద్దాం రా," అంది కుక్క.

పైడి మొదలుపెట్టింది. "గు..." దగ్గర ఆగింది. కుక్కకి అరుపు గొంతుదాకా వచ్చేసింది. అది చటుక్కున మెడ కుడివైపుకి వాల్చింది. అరుపు ఆ వంపులో ఇరుక్కుపోయింది. మళ్ళీ వచ్చింది, ఎడమవైపుకి వాల్చింది. ఎదురుగా ఉడత పరుగెత్తినా మెడ ఎత్తలేదు. మెడ నొప్పి పుట్టి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా కదల్లేదు.

పైడి దాని ముఖం చూసింది. అందులో నవ్వు లేదు, తొందర లేదు. నాలుక మెల్లగా వదులైంది. "గువ్వ గూట్లో గుడ్డు పెట్టింది." ఇక పొద్దు వాలేదాకా చదువుతూనే ఉంది.

మర్నాడు బళ్ళో లేచి నిలబడింది. "గు..." అని ఆగింది. పిల్లలు నోళ్ళు తెరిచారు. గుమ్మంలో కూర్చున్న కుక్క మెడ వాల్చింది. మాట ఇంకా వస్తోందని దానికి తెలుసు. దాన్ని చూసి పిల్లలూ ఆగారు. కొందరి మెడలు కూడా వాలాయి. పంతులుగారి మెడ కూడా, కొంచెం.

పైడి కూర్చోలేదు. ఊపిరి తీసుకుంది. "గువ్వ గూట్లో గుడ్డు పెట్టింది."

"గువ్వ గూట్లో గుడ్డు పెట్టింది," అంది బడంతా. ఆ రోజు మేకల్ని వాళ్ళమ్మే తోలుకెళ్ళింది.

అప్పటినుంచే, మనం ఏదైనా చెబుతుంటే కుక్క మెడ ఒక పక్కకి వాలుస్తుంది. మనం తడబడితే రెండో పక్కకి వాలుస్తుంది. అరుపు ఆపుకుంటోందన్నమాట. మీరు తడబడినా ఆగకండి, మిగతాది చెప్పండి, అది వింటుంది.