టోల్ గేటు దగ్గర పోయిన పెళ్ళికొడుకు

తాటికుంట వారింట్లో తెలివికి ఏనాడూ కొదవ లేదు. ఈ సంగతి ఊళ్ళో ఇంకెవరూ చెప్పరు కాబట్టి వాళ్ళే చెప్పుకుంటారు. "మాకు ఒక్కసారి చెబితే చాలు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం," అని పెద్దాయన నరహరి అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళకి రోజూ వినిపిస్తాడు. పక్కిల్లు అంటుకుంది, నీళ్ళు తెమ్మని కేకేస్తే, చెంబెడు తెచ్చి కేకేసినవాడి చేత తాగించిన వంశం అది.

నరహరి ఆఖరి తమ్ముడు ముకుందం. ముప్ఫై ఆరేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. వచ్చిన సంబంధాలన్నీ ఇంట్లోవాళ్ళు నోరు విప్పేదాకా బాగానే ఉండేవి. చివరికి కావలి దగ్గర ఒక పల్లెలో హైమావతి అనే అమ్మాయి, సొంతంగా బట్టలు కుట్టే దుకాణం నడుపుకునే మనిషి, ఫోటో చూసి సరేనంది. ఫోటో మాట్లాడదు కదా. నిశ్చితార్థం మధ్యాహ్నం పన్నెండింటికి పెట్టారు. "వేళ దాటితే తాంబూలాలు మార్చుకోం. మా మేనమామ రంగనాయకులు టోల్ గేటు అవతల ఎదురుచూస్తుంటాడు, దారి చూపిస్తాడు," అని కబురు పెట్టారు. ఇది తప్పితే ఇంకో సంబంధం రాదని ఊరంతటికీ తెలుసు. పాపం, ముకుందానికి కూడా తెలుసు.

ఒంగోల్లో మస్తాన్ అనే కుర్రాడి దగ్గర కారు అద్దెకు తీసుకున్నారు. నడిపేది నడిమి తమ్ముడు కోదండం. ట్రాక్టరు మీద నేర్చుకున్నాడు. మస్తాన్ వీళ్ళని ఒకసారి తేరిపార చూసి తాళాలివ్వడానికి కాస్త ఆలోచించాడు.

"బాబాయ్, మూడే మాటలు. టోల్ గేటు దగ్గర అద్దం మీదున్న ఈ స్టిక్కరే డబ్బు కట్టేసుకుంటుంది. మీరెవరూ జేబులో చెయ్యి పెట్టొద్దు. నడిపే అన్న రోడ్డు మీద తప్ప పక్కకి చూడొద్దు. ఇక దారంటారా, ఫోన్లో ఆవిడ ఎట్లా చెబితే అట్లా పోండి. అంతే."

"ఇంకేదైనా కష్టమైంది ఉంటే చెప్పు బాబూ," అన్నాడు నరహరి.

ఎక్కి కూర్చున్నాక ఫోను రెండు దారులు చూపించింది. హైవే మీద పోతే టోలు ఉంది. ఎడమకి తిరిగి పాత రోడ్డు పట్టుకుంటే టోలు లేదు కానీ గంట ఎక్కువ పడుతుంది.

"పాత రోడ్డే నొక్కండి," అంది నరహరి భార్య సుబ్బరత్తమ్మ. "అద్దె ఎటూ రోజంతటికీ ఇచ్చాం. అదే అద్దెకి ఇంకో గంట కూర్చోవచ్చు. ఊరికే వస్తుంటే వదులుకుంటామా?"

ముగ్గురు మగవాళ్ళూ ఆవిడ తెలివికి తలలూపారు. నరహరి పాత రోడ్డు నొక్కాడు.

కాసేపటికి ఫోన్లో ఆవిడ ఎడమవైపు తిరగమంది. పాత రోడ్డు ఎడమ పక్కనుంచి చీలి పోతోంది. పక్కకి చూడొద్దని మస్తాన్ చెప్పాడు. కోదండం చూడలేదు. అంతే, కారు తిన్నగా పోయి టోల్ గేటు ముందు నిలబడింది.

"చేతులు!" అని అరిచాడు నరహరి. జేబులోకి పొరపాటున కూడా పోకుండా కారులో ముగ్గురూ చేతులు పైకెత్తారు. కోదండం చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి కాబట్టి సరిపోయింది. గేటు దగ్గరి ఉద్యోగి తన వెనకాల ఎవరైనా తుపాకీ పట్టుకుని నిలబడ్డారేమోనని తిరిగి చూసుకున్నాడు. ఎవరూ లేరు. స్టిక్కరు పని స్టిక్కరు చేసింది, గేటు లేచింది.

గేటు అవతల రోడ్డు పక్కన మోటారు సైకిల్ మీద రంగనాయకులు ఉన్నాడు. కారులో వీళ్ళని గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. పక్కనున్నాడు కాబట్టి కోదండం చూడలేదు. చేతులెప్పుడు దించాలో మస్తాన్ చెప్పలేదు కాబట్టి మిగతా ముగ్గురూ దించలేదు. అయ్యో, చేతులెత్తి దణ్ణాలు పెడుతున్నారు, ఎంత మర్యాదస్థులో అనుకున్నాడు రంగనాయకులు.

అప్పుడు ఫోన్లో ఆవిడ వెనక్కి తిరగమంది. మలుపు బోర్డు రోడ్డుకి అడ్డంగా నెత్తి మీదే ఉంది కాబట్టి కోదండానికి కనిపించింది. తిరిగాడు. మళ్ళీ గేటు, మళ్ళీ చేతులు. గేటు దాటాక ఆవిడ ఇంకోసారి వెనక్కి తిప్పి, పాత రోడ్డు దగ్గర ఎడమకి పొమ్మంది. అది పక్కన ఉంది. ఇంకేముంది, మళ్ళీ గేటు. రంగనాయకులు మళ్ళీ చెయ్యి ఊపాడు, వీళ్ళు మళ్ళీ దణ్ణం పెట్టారు.

"ఈ గేట్ల వాళ్ళు మనలాగే అన్నదమ్ముల్లా ఉన్నారే," అన్నాడు ముకుందం ఇంకో రెండు గేట్లు దాటాక. "అన్ని గేట్లలోనూ ఒకే పోలిక మనిషిని పెట్టారు."

"ప్రభుత్వం పని అట్లాగే ఉంటుందిరా," అన్నాడు నరహరి.

చివరికి స్టిక్కరులో డబ్బు అయిపోయింది. గేటు లేవలేదు. "బ్యాలెన్స్ లేదండీ. చేత్తో కట్టాలి," అన్నాడు ఉద్యోగి.

"చెయ్యి జేబులో పెట్టకూడదు నాయనా," అన్నాడు నరహరి, రెండు చేతులూ పైకెత్తి.

"పెట్టకుండా ఎట్లా కడతారు?"

"అదే మేమూ అడుగుతున్నాం."

వెనకాల లారీలు హారన్లు మొదలెట్టాయి. సుబ్బరత్తమ్మ కళ్ళు గేటు పక్కనున్న పెద్ద బోర్డు మీద పడ్డాయి. ఎవరెవరికి టోలు లేదో అందులో రాసుంది. ఆవిడ చదువుతూ పోయింది. సైన్యం బండ్లు. మన దగ్గర సైన్యం లేదు. అంబులెన్సు. రోగం లేదు. శవాన్ని తీసుకెళ్ళే బండి.

"ఏవండీ, శవం ఉంటే చాలంట."

"మన దగ్గర లేదే."

"ఉన్నవాళ్ళలోనే ఎవరో ఒకరు సర్దుకోవాలి. మీరు పెద్దవారు. కోదండం బండి నడపాలి. నేను పోతే వంట ఎవరు చేస్తారు?"

కోదండం తప్ప అందరూ ముకుందం వైపు చూశారు.

"నాకేం అభ్యంతరం లేదు వదినా," అన్నాడు ముకుందం. "కానీ పన్నెండింటికి లేవాలి. ముహూర్తం ఉంది."

"లేపుతాం లేరా," అన్నాడు అన్నగారు.

హారతి పళ్ళెంలోని ఒత్తుల దూది తీసి సుబ్బరత్తమ్మ మరిది ముక్కులో పెట్టింది. నిశ్చితార్థానికి తెచ్చిన దండ మెడలో వేసింది. ఉద్యోగి తొంగి చూశాడు.

"శవాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టారేంటి?"

"బెల్టు కూడా పెట్టుకున్నానండీ," అంది శవం.

ఉద్యోగి తలెత్తి కారు వెనక్కి చూశాడు. వెనకాల లారీల వరస కనిపించినంత దూరం ఉంది. "పొండి బాబూ, మీకో దణ్ణం," అని గేటెత్తాడు.

ఈసారి కారు తప్పిపోకూడదని రంగనాయకులు గేటు దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. కారు పక్కనుంచి పోతుంటే, ముందు సీట్లో కళ్ళు మూసుకున్న పెళ్ళికొడుకూ, మెడలో దండా, ముక్కులో దూదీ కనిపించాయి. "ఏమైందండీ?" అని కేకేశాడు.

"పోయాడండీ," అన్నాడు నరహరి. ఇంకా గేటు పక్కనే ఉన్నారు మరి. అక్కడ నిజం చెబితే టోలు పడుతుంది.

రంగనాయకులు బావురుమని మోటారు సైకిల్ ఎక్కాడు. రోడ్డు మీద, సరిగ్గా కారు ముందే పోయాడు కాబట్టి కోదండానికి కనిపించాడు. ఆ రోజు ఆ కారు తిన్నగా ఒక చోటికి చేరిందంటే అందుకే.

వీళ్ళు చేరేసరికి పెళ్ళికూతురి ఇంటి ముందు ఏడుపులు సాగుతున్నాయి. సుబ్బరత్తమ్మకి ఏడుపు వినిపిస్తే ఆగదు. ఆవిడా కొంగు నోట్లో కుక్కుకుని కలిసి ఏడ్చి, కాసేపయ్యాక పక్కావిడని, "ఎవరు పోయారమ్మా?" అని అడిగింది.

"మీ ముకుందమే కదమ్మా!"

నరహరి తమ్ముడి వైపు తిరిగాడు. "ఏరా, నువ్వు పోయావా?"

"టోల్ గేటు దగ్గర పోయాను కదా అన్నయ్యా. నువ్వు లేపలేదు."

గడియారం చూశారు. ఒంటిగంట దాటింది. హైమావతి ఏడవలేదు. ఆమె వచ్చి ముకుందం ఎదురుగా నిలబడి, సంగతేమిటని నెమ్మదిగా అడిగింది. అతను స్టిక్కరూ, బోర్డూ, వదిన తెలివీ, అన్నీ పూసగుచ్చినట్టు గర్వంగా చెప్పాడు. ఆమె చివరిదాకా విని మేనమామ వైపు తిరిగింది.

"మామయ్యా, ఈయన పోయాడనే అనుకుందాం."

ఇంకెవరైనా అయితే సిగ్గుతో తల దించుకునేవారు. నరహరి తల ఊపాడు. "పిల్ల స్పష్టంగా చెప్పింది. ఇక పదండి, చెయ్యాల్సినవి చాలా ఉన్నాయి."

తిరుగు ప్రయాణంలో గేటు దగ్గర ముకుందం దర్జాగా పడుకున్నాడు. ఈసారి అబద్ధం లేదు.

ఇంటికొచ్చాక అన్నీ పద్ధతిగా జరిపారు. దహనం ఒక్కదానికి ముకుందం ఒప్పుకోలేదు, ఒళ్ళు కాలుతుందన్నాడు. పోయినవాడి మాట కాదనకూడదని మానేశారు. కర్మ రోజు బంధువులని పిలిచారు. అన్నం ముద్ద విస్తట్లో పెట్టి గోడ మీద ఉంచి, కాకి కోసం అందరూ ఎండలో నిలబడ్డారు. కాకి రాలేదు. వచ్చేదే, కానీ ఆ గోడ మీదే ముకుందం కూర్చుని ఉన్నాడు.

"తీరని కోరికేదో ఉండిపోయుంటుంది," అన్నాడు కోదండం.

నరహరి ఆకాశం వైపు చేతులు జోడించాడు. "తమ్ముడూ, నీ కోరికేంటో చెప్పు. మేం తీరుస్తాం."

"పెళ్ళి చేసుకోవాలని ఉందన్నయ్యా," అన్నాడు ముకుందం గోడ మీంచి.

అందరూ కళ్ళు తుడుచుకున్నారు. "పోయినవాడికి పిల్లనెవరిస్తారు నాయనా," అని సుబ్బరత్తమ్మ వెక్కింది.

ఎండ ముదిరింది. కాకి జాడ లేదు. ముద్ద ముట్టేదాకా ఇంట్లో ఎవరికీ విస్తరి వెయ్యరు. ఆకలికి ఆగలేక ముకుందం విస్తరి దగ్గరికి లాక్కుని, ముద్దలో కాస్త నెయ్యి వేయించుకుని, మొత్తం తినేశాడు.

బంధువులు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే నరహరి మీసం మీద చెయ్యి వేశాడు.

"ఊళ్ళో ఇన్ని కర్మలు జరిగాయి. ఎవరికి పెట్టింది వాళ్ళే తినడం ఎవరింట్లోనైనా చూశారా? చెప్పింది చెప్పినట్టు చెయ్యడమంటే ఇదీ!"