సున్నం పూసిన సందు

అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పడం చిదంబరయ్యగారికి అలవాటు లేదు. ముందు ఏదో ఒక పని పురమాయిస్తారు. మనసు మండిపోతున్నవాడికి అది పుండు మీద కారం చల్లినట్టే ఉంటుంది.

ఆ రోజు శిష్యుడు పానకాలు వస్తూనే కోపంగా అడిగాడు. "గురువుగారూ, మా తమ్ముడి తాగుడు ఇక నావల్ల కాదు. రేపు నలుగురినీ పిలిచి, వాళ్ల ముందే కడిగేసి, ఇంట్లోంచి గెంటేస్తాను. అప్పుడైనా మానతాడా, మానడా?"

"ముందు ఆ పట్టీ ఊడదియ్యి," అన్నారు గురువుగారు.

పారాయణ గది గోడ మీద ఆయన గురువు కుంచెతో రాసిన నాలుగు పంక్తులున్నాయి. ఆ మహానుభావుడి చేతిరాత మిగిలింది అదొక్కటే. దాని కింద బిగించిన చెక్క పట్టీకి చెదలు పట్టింది. ఇంకా ఉంచితే చెదలు రాత మీదికి పాకుతాయి.

పానకాలు మేకులన్నీ పీకాడు. పట్టీ కదల్లేదు. ఉలి దూర్చి ఒక్క ఊపున ఎత్తాడు. టప్పుమన్నది చెక్క కాదు, గోడ. అరచేతంత గార పెళ్లగా లేచింది. పగులు సన్నగా పైకి పాకి, మొదటి అక్షరానికి వేలెడు దూరంలో ఆగింది. ఉలి వదిలితే పెళ్ల రాలుతుంది, లాగితే అక్షరమే పోతుంది. 

పక్కగదిలో తలుపు బాగుచేస్తున్న వడ్రంగి బ్రహ్మలింగాచారి పరుగున వచ్చి పెళ్లను అరచేత్తో అదిమిపట్టాడు.

"మేకులు పీకితే సరిపోద్దా బాబూ? పట్టీకీ గోడకీ మధ్య సందు కనపడకుండా ఏటా సున్నం పూశారు. చెక్కా గోడా ఒకటైపోయినయ్యి. ముందు ఆ అతుకు కొయ్యాల."

పలచటి కత్తితో పట్టీ అంచు పొడుగునా ఏడెనిమిదిసార్లు గీశాడు. సున్నం పొరలు పొరలుగా రాలింది. తర్వాత గోడకు రేకుముక్క ఆనించి, దాని మీద ఉలి మోపి మెల్లగా ఎత్తాడు. పట్టీ చేతిలోకి వచ్చేసింది. అక్షరం దక్కింది. పానకాలు అక్కడే కూలబడ్డాడు.

"ఈ సున్నం ఎవరు పూసేవాళ్లు?" అని అడిగారు గురువుగారు.

"నేనేనండీ. ఆరాధనకు వచ్చినవాళ్ల కంట సందు పడకూడదని."

"మీ తమ్ముడు తాగి పడిపోయిన రోజున ఏం పూసేవాడివి?"

పానకాలు చేతికంటిన సున్నం చూసుకున్నాడు. "జ్వరమని చెప్పేవాణ్ణి," అన్నాడు. "వాళ్ల ఆఫీసులోనూ, చుట్టాల్లోనూ. పదకొండేళ్లుగా." అతడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

గురువుగారు లేచి, ఉత్తరీయం సర్దుకున్నారు. "రేపు నలుగురినీ తప్పకుండా పిలువు నాయనా. కత్తి ముందు నువ్వు పూసిన సున్నం మీదే మొదలుపెట్టాలని ఆచారి చూపించాడుగా," అన్నారు.