కూత లేని రాయి

ఏటికి ఈవల ఒక అడవి, ఆవల ఒక అడవి. ఆ ఏటినే హద్దుగా ఎందుకు నిర్ణయించారని అడిగితే ఎవరికి తోచిన కథ వారు చెప్పేవారు. ఏ ఇద్దరి కథా ఒకటి కాదు. హద్దు గీసిన సింహాలు ఏనాడో మట్టిలో కలిశాయి, హద్దు మాత్రం మిగిలింది.

ఈవలి గట్టున ఏపుగా పెరిగిన నేరేడు చెట్టు మీద కృష్ణముఖుడనే కొండముచ్చు కాపలా ఉండేవాడు. ఆవలి జంతువు ఏదైనా ఏరు దాటితే రాయి విసిరి తరమడం అతని కొలువు. దానికొక కట్టుబాటు ఉంది: ముందు కూత, తరువాతే రాయి. కొండముచ్చు కూత రెండడవులకూ ఎరుకే. అది చెవిన పడితే మేత నోట్లో ఉండగానే కాళ్ళు పరుగందుకుంటాయి.

ఎండలు ముదిరి ఏరు మోకాలి లోతుకు దిగిన రోజుల్లో, ఆవలి దుప్పి బిందుమతి కూన రాలిన నేరేడు పళ్ళకు ఆశపడి ఈవలికి వచ్చింది. తల్లి ఆవలి గట్టున నిలబడి పిలుస్తూనే ఉంది. కూత వినబడలేదు. రాయి వచ్చింది. కణత మీద దెబ్బ తిన్న కూన తూలుతూ ఏరు దాటి, తల్లి కాళ్ళ దగ్గర పడి, మళ్ళీ లేవలేదు.

బిందుమతి ఈవలి అడవి న్యాయాధికారి అయిన అడవిదున్న స్థిరపాదుడి ఎదుట ఫిర్యాదుతో నిలబడింది. కాపలాదారు పక్షాన వాదించడానికి సూక్ష్మవాది అనే నక్క వచ్చాడు.

"అమ్మా, కడుపుకోత ఎవరికైనా కడుపుకోతే," అన్నాడు నక్క మెత్తగా. "కానీ కూన పడిపోయింది ఏ గట్టున?"

"మా గట్టునే. దెబ్బ తగిలింది మాత్రం మీ నేరేడు కింద."

"చూసినవారు?"

"నేను."

"నువ్వు కాక?"

"రాయి వేసినవాడు."

"అతడినే అడుగుదాం. ఏమయ్యా కృష్ణముఖా?"

"నేను ఏటి మీదికి విసిరాను బావా. అది ఎక్కడ తగిలిందో నాకేం తెలుసు?" అన్నాడు కొండముచ్చు, తోక దులుపుకుంటూ.

"విన్నారుగా పెద్దయ్యా! శవం ఆవల, దెబ్బా ఆవలే అనుకోవాలి. మన చట్టానికి ఈత రాదు. ఏటి ఒడ్డునే ఆగిపోతుంది."

స్థిరపాదుడు ఫిర్యాదు కొట్టివేయడంతో బిందుమతి తన అడవి రాజు దగ్గరికి వెళ్ళింది. ఆయన, "రాయి విసిరిన చెయ్యి వాళ్ళది తల్లీ, దాన్ని పట్టుకునే అధికారం మనకు లేదు," అన్నాడు. ఫిర్యాదు రెంటికీ చెడ్డ రేవడి అయింది.

ఆమె ఏటి గట్టున ఒంటరిగా నడుస్తుంటే ఈవలి నేరేడు చెట్టు మీంచి కృష్ణముఖుడి గొంతు వినబడింది.

"దుప్పమ్మా! ఈసారి కూనను కంటే, పళ్ళ రుచి మరిగించకు!"

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. గుచ్చుకుని ఒక సంగతి తెలిపింది. ఇతడు గెలిచాక కూడా నోరు కట్టుకోలేడు. ఇలాంటివాణ్ణి తిట్టి లాభం లేదు, పొగడాలి. ఆమె అక్కడి నుంచి వెళ్ళిపోయింది.

ఇప్ప పూసే కాలం వచ్చింది. ఇప్పపూల విందు నాడు హద్దు ఉండదు. రెండడవుల వారూ ఒకే చోట కూడతారు. ఆనాడు ఒక ఆచారం ఉంది. ఏరు దాటి గట్టెక్కినవారిని గట్టు మీదే ఆపిన కాపలాదారుకు మొదటి దోసిలి పూలు దక్కుతాయి.

"అటువంటివారు ఎవరైనా ఉన్నారా?" అని స్థిరపాదుడు అడిగాడు. ఎవరూ లేవలేదు. అప్పుడు బిందుమతి ముందుకు వచ్చింది.

"పెద్దయ్యా, నా కూన ఎలాగూ తిరిగిరాదు. కానీ వీరుడి పూలు మట్టిపాలు కావడం దేనికి? కృష్ణముఖుడికి ఇద్దామంటే ఒక్కటే అడ్డం. ఆయన రాయి గురి లేకుండా ఏటి మీదికి పోయిందట. పాపం, వయసు మీదపడింది. ఇంతకు మునుపైతే గురి తప్పేవాడా?"

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. కృష్ణముఖుడి ముఖం మరింత నల్లబడింది.

"ఎవరికే గురి తప్పింది?"

"కూర్చో," అంటూ నక్క అతని తోక పట్టి లాగాడు. "పూలు పోతే పోనీ, కూర్చోవయ్యా!"

"నువ్వుండు బావా! నీ వాదన వల్ల నా పరువు పోయింది. అందరూ వినండి. కూన నా చెట్టు మొదట్లో, దాని వేళ్ళ మీద నిలబడి పళ్ళు తింటోంది. పైకొమ్మ నుంచి ఒక్క రాయి! సరిగ్గా కణత మీద! ఏటి మీదికి విసిరానట, హు!"

స్థిరపాదుడు నెమ్మదిగా తల ఎత్తాడు.

"అంటే దెబ్బ మన గట్టున తగిలింది. ఇక్కడ మన చట్టానికి ఈత అక్కర్లేదు. కృష్ణముఖా, రాయికి ముందు కూత కూశావా?"

కొండముచ్చు చుట్టూ చూశాడు. "కూ... కూశాను పెద్దయ్యా."

పొదల నీడలో నుంచి నెమలి మెడ చాచింది. "ఆ పూట నేను ఆ చెట్టు వెనకే పురుగులేరుకుంటున్నాను. కూసి ఉంటే నేనక్కడ ఉంటానా? పారిపోయే తొందరలో నా ఈకలు ఆ పొదలో చిక్కుకుని ఉండేవి."

"ఇది విందు పెద్దయ్యా, విచారణ కాదు!" అని నక్క లేచాడు. "విందులో అన్న మాట సాక్ష్యం ఎలా అవుతుంది?"

"చోటు విందుదే అయినా నోరు నీ కక్షిదారుదే," అన్నాడు స్థిరపాదుడు. "ముందు కూతే మన చట్టం. కూత లేకుండా రాయి వేసినవాడికి ఇక కొమ్మ లేదు. ఇకపై నేల మీద బతుకు. ఏ చెట్టెక్కినా దించేస్తారు."

నేల మీద కొండముచ్చు బతుకు ఎలాంటిదో చిరుతకు తెలుసు. కృష్ణముఖుడు బిందుమతి వైపు చూశాడు. సూక్ష్మవాది తినని పూలను అక్కడే వదిలి పొదల్లోకి జారుకున్నాడు.

మళ్ళీ నేరేడు పండింది. కొత్త కాపలాదారు కూత వినబడగానే ఏటి గట్టున ఉన్న దుప్పులన్నీ ఒక్క ఉరుకున వెనక్కి మళ్ళాయి. బిందుమతి మాత్రం ఆ కూత పూర్తయ్యేదాకా నిలబడి విని, ఆ తరువాత కదిలింది.

హద్దును అడ్డం పెట్టుకుని తప్పించుకున్నవాణ్ణి అతని గొప్పలే హద్దు ఇవతలికి ఈడ్చుకొస్తాయి.